మసి పూసి మేపుల్ తుపాకి

అమెరికాలో తుపాకి కొనడం ఎంత తేలికో లోకమంతా చెప్పుకుంటుంది. చేసుకోవడం ఎంత కష్టమో మాత్రం చేసుకున్నవాడికీ వాడి భార్యకీ తప్ప ఎవరికీ తెలీదు. చేసుకునేది ఈ కాలపు తుపాకి కూడా కాదు. మూతిలోంచి మందు పోసి, గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండు పెట్టి, గజంతో కిందికంటా దట్టించి, చెకుముకి రవ్వతో పేల్చే పొడుగు రైఫిల్. రెండున్నర శతాబ్దాల నాటి సరుకు. నేలమీద నిలబెడితే మనిషి గడ్డం దాకా వస్తుంది. దాన్ని సొంత చేత్తో తయారుచేసి గోడకి తగిలించాలన్న కోరిక అక్కడ చాలామంది మగవాళ్ళకి పుడుతూ ఉంటుంది. నలభై దాటి, ఇంటి అప్పు సగం తీరి, గరాజులో కాస్త జాగా మిగిలినప్పుడు ఈ కోరిక మరీ ఉధృతంగా ఉంటుంది.

చట్టానికి దీంతో పెద్ద పేచీ లేదు. 1968లో వచ్చిన గన్ కంట్రోల్ యాక్ట్ లెక్కలో నల్లమందుతో పేలే ఇలాంటి తుపాకి, నిన్నగాక మొన్న చేసిన నకలైనా సరే, తుపాకుల జాబితాలోకే రాదు. పురాతన వస్తువుల పద్దులో పడుతుంది. కొన్ని రాష్ట్రాలు దీనికి ఒప్పుకోవు, వాటి రూల్సు వాటివి. మిగతా చోట్ల నలభై రెండు అంగుళాల ఉక్కు గొట్టాన్ని అట్టపెట్టెలో పెట్టి కొరియర్ కుర్రాడు గుమ్మంలో పడేసి పోతాడు. ఇది చదివి మనవాళ్ళెవరైనా అటకమీద ఆకురాయి వెతికేలోపే ఒక మాట: మన 1959 నాటి ఆయుధాల చట్టం మూతిలోంచి దట్టించేవాటికి మినహాయింపేమీ ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా మొదలెడితే తుపాకి కన్నా ముందు కేసు తయారవుతుంది. నవ్వుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఆ పని చూద్దాం.

ఇందులోకి కొత్తగా దిగినవాడి పేరు మనకి అనవసరం. ఒహాయోలో పళ్ళ డాక్టరు కావచ్చు, ఇండియానాలో బడిపంతులు కావచ్చు. ఎవరైనా లక్షణాలు ఒకటే. ఎందుకయ్యా ఈ యాతన అని అడిగితే సాకు కూడా సిద్ధంగా ఉంటుంది. పెన్సిల్వేనియాలో ఉంటే, 1974 నుంచీ ఆ రాష్ట్రం చెకుముకి తుపాకుల వాళ్ళకి ప్రత్యేకంగా జింకల వేట కాలం పెట్టిందనీ, అది క్రిస్మస్ తర్వాత మంచులో వస్తుందనీ, అందుకోసమేననీ అంటాడు. జింక మాంసం ఒక్క కిలో ఎంత పడుతుందో భార్య లెక్కవేసి చూపిస్తే, విషయం మాంసం కాదు, చరిత్ర అంటాడు.

చరిత్ర పిచ్చి అంటించేది చాలావరకు ఒక సినిమా. పేరు "గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్", 1969లో వచ్చింది. వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అని పద్దెనిమిదో శతాబ్దపు ఊరిని మళ్ళీ కట్టి నడుపుతున్నారు. సినిమాలో అక్కడి తుపాకి పనివాడు వాలస్ గస్లర్, ఇనప బద్ద దగ్గర మొదలెట్టి మెరిసే రైఫిల్ దాకా మొత్తం తనే చేస్తాడు. ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, కొన్నేసి అంగుళాల చొప్పున అతికించుకుంటూ గొట్టం చేస్తాడు. దానికి బెజ్జం తొలుస్తాడు. స్ప్రింగులు, మరలు, ఇత్తడి సామాను, అన్నీ ఆయన చేతి పనే.

అందులో చూడాల్సింది గొట్టం లోపల మెలికల గాళ్ళు తీసే ఘట్టం. రైఫిల్ అనే పేరే ఆ గాళ్ళవల్ల వచ్చింది. గుండు గిర్రున తిరుగుతూ సూటిగా పోయేది వాటివల్లే. పొడుగాటి బల్ల, దానిమీద మెలికలు చెక్కిన లావుపాటి కర్ర, దాని చివర కడ్డీ, కడ్డీ కొనన చిన్న ఉక్కు పన్ను. కర్రని లాగితే అది మెలిక తిరుగుతూ వస్తుంది, పన్ను గొట్టం లోపల వెంట్రుకంత ఇనుము గీరుకొస్తుంది. కాసేపటికి పన్నుకి అందడం మానేస్తుంది. అప్పుడు గస్లర్ పన్నుకింద ఒక కాగితం ముక్క దూరుస్తాడు. ఆ కాగితం మందమే పన్ను పైకి లేస్తుంది. మళ్ళీ లాగుడు. మళ్ళీ కాగితం. ఇలా ఒక్కో గాడికీ.

సినిమా గంటలోపే అయిపోతుంది. వందల గంటల పని గంటలోపు చూపించడం కళే కాదనం గానీ, దానివల్ల కొంపలు కూలాయి. మనవాడు తెరమీద కాగితం ముక్కని చూసి "ఇంతేగా, మనింట్లోనూ ఉంది కాగితం" అనుకుంటాడు. ఆ రాత్రే ఒక ప్రతిజ్ఞ చేస్తాడు: ప్రతి మరా తన చేత్తోనే. పూర్వీకులు ఎలా చేశారో అలా.

పూర్వీకులు అలా చేయలేదు. ఇక్కడే ఈ వ్యవహారంలో అసలు తమాషా ఉంది.

ఈ రైఫిల్ పుట్టింది పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ చుట్టుపక్కల, జర్మనీ స్విట్జర్లాండ్ల నుంచి వలస వచ్చిన పనివాళ్ళ చేతుల్లో. వాళ్ళు వెంట తెచ్చుకున్న యేగర్ రైఫిల్ పొట్టిగా, బొద్దుగా, పెద్ద గుండు కాల్చేది. కొత్త దేశంలో మందూ సీసమూ ఖరీదు, అడవి పెద్దది. అంచేత గొట్టం పొడుగైంది, బెజ్జం సన్నబడింది, కొయ్య నాజూకైంది. ఇంత చేసి పేరు మాత్రం దానికి కెంటకీ రైఫిల్ అని స్థిరపడింది. 1815లో న్యూ ఆర్లీన్స్ యుద్ధంలో గెలిచాక కెంటకీ వీరుల్ని పొగుడుతూ ఒక పాట కట్టారు, జనం నోళ్ళలో అది నానింది, తుపాకి కెంటకీ వాళ్ళ ఖాతాలోకి వెళ్ళిపోయింది. పెన్సిల్వేనియా వాళ్ళు ఇప్పటికీ ఆ మాటెత్తితే మూతి బిగిస్తారు.

లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్ అని పేరుమోసిన పనివాడు ఉండేవాడు. 1740లో జర్మనీలో పుట్టాడు. ఆయన రైఫిళ్ళు ఎంత ప్రసిద్ధమంటే, 1780లో కింగ్స్ మౌంటెన్ యుద్ధానికి కొండవాళ్ళు తెచ్చిన తుపాకుల్ని ఆయన పేరుతోనే చెప్పుకున్నారు. ఆ యుద్ధంలో ఓడి చనిపోయిన బ్రిటిష్ పక్షపు అధికారి పాట్రిక్ ఫెర్గుసన్, వెనకనుంచి దట్టించే రైఫిల్‌కి 1776లో పేటెంటు తీసుకున్న మనిషి. ముందు చూపున్నవాడు మూతిలోంచి దట్టించుకునే వాళ్ళ చేతిలో పోయాడు. చరిత్రకి హాస్యం తెలీదని ఎవరన్నారు?

సరే, డికర్ట్ లాంటివాళ్ళ కొట్లో ప్రతి మరా వాళ్ళే చేసేవాళ్ళా అంటే, లేదు. తుపాకిలో అన్నిటికన్నా చిక్కు భాగం రవ్వ పుట్టించే యంత్రం, లాకు. దాన్ని చాలామంది పనివాళ్ళు ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో దిగుమతైన సరుకులోంచి కొనేవాళ్ళు. గొట్టాలు ఏటి నీటితో తిరిగే మిల్లుల్లో తయారయ్యేవి. ఇత్తడి తుడవడానికీ, తిత్తి ఊదడానికీ, తిట్లు తినడానికీ శిష్యులుండేవాళ్ళు. పనివాడి అసలు ప్రతాపమంతా కొయ్య చెక్కి, ఇనుమూ కొయ్యా వెంట్రుక దూరకుండా కూర్చి, ఆపైన నగిషీ చేయడంలో. రెండు వందల ఏళ్ళ తర్వాత గరాజులో కూర్చుని "మర కూడా కొనను" అనేవాడు సంప్రదాయానికే సంప్రదాయం నేర్పేవాడు. పెళ్ళిలో పురోహితుడికి శాస్త్రం చెప్పే పెదనాన్న ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు కదా, ఆ బాపతు.

ఈ ముక్క మనవాడికి ఎవరు చెబుతారు? ఈ పనిలో జుట్టు నెరిసినవాళ్ళు చెబుతారు. వాళ్ళకి కొదవ లేదు. 1933లో పెట్టిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో ఏటా గురి పోటీలు పెడుతుంది. అక్కడ నడుస్తూ ఏ గుడారం ముందు ఆగి సందేహం అడిగినా, పక్క గుడారం వాళ్ళు కూడా వచ్చి జవాబు చెబుతారు. ఆ పెద్దలు చెప్పేది మూడే మాటలు: కిట్ కొనుక్కో, గొట్టం తిన్నటిది తీసుకో, కొయ్య చారలు లేనిది తీసుకో.

మనవాడు మూడూ శ్రద్ధగా విని, మూడింటికీ విరుద్ధంగా చేస్తాడు.

గొట్టం సంగతి ముందు. తిన్నటి అష్టకోణపు గొట్టం అయితే కొయ్యలో దానికి తిన్నటి కాలువ తవ్వితే సరిపోతుంది. కానీ పాతకాలపు మేలిరకం గొట్టం రెండు కొసలా లావు, నడుమ సన్నం. ఆ సన్నదనం కంటికి దొరకదు, చేతికి తెలుస్తుంది, తుపాకి ఎత్తితే తేలిగ్గా ఉంటుంది. దానికి కాలువ తవ్వాలంటే ఎనిమిది ముఖాలూ అంగుళం అంగుళానికీ కొలత మారుతూ పోతాయి. మనవాడు అదే తెప్పిస్తాడు. కొయ్య కూడా అంతే. మేపుల్ చెక్కలో పులిచారలు ఉన్నది ఒకటుంటుంది. దాని పోగులు అలల్లా పైకీ కిందికీ పోతుంటాయి, అందుకే ఆ చారలు. అందుకే ఉలి ఎటు నడిపినా అర అంగుళం ముందు బాగా కోసి, తర్వాత అర అంగుళం పెచ్చు లేపుకుపోతుంది. ఎన్ని చారలుంటే అంత ధర. డబ్బు ఎక్కువ ఇచ్చి కష్టం ఎక్కువ కొనుక్కునే వ్యాపారం ఇదొక్కటే కాదు గానీ, ఇందులో అది పట్టపగలు కనబడుతుంది.

ఆ తర్వాత పనిముట్లు. ఉలులు, వంపు ఉలులు, గుండ్రటి మొన ఉలులు, ఆకురాళ్ళు ముతకవీ సన్నవీ, రాపిడి బద్దలు, పట్టుడు బల్ల. ఉలులకి పదును పెట్టే రాళ్ళు. ఆ రాళ్ళని చదును చేసే ఇంకో రాయి. టెనెసీలో యూనియన్ సిటీ అనే ఊళ్ళో టర్నర్ కిర్క్‌లండ్ అనే ఆయన 1954లో డిక్సీ గన్ వర్క్స్ అని కొట్టు పెట్టి, ఈ పాతకాలపు సామాను కేటలాగు వేసి అమ్మడం మొదలెట్టాడు. అప్పట్నుంచీ అలాంటి కేటలాగులు పెరిగాయే గానీ తగ్గలేదు. మనవాడు అవి రాత్రిళ్ళు పక్కమీద చదువుతాడు. భార్య నవల చదువుతున్నాడనుకుంటుంది. ఉలి ఒక్కటీ కొయ్యకి తగలకుండానే చలికాలం గడిచిపోతుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

చివరికి ప్రతిజ్ఞ సడలి, కాలువ ముందే తవ్వి ఇచ్చిన కొయ్యకి రాజీపడతాడు. ఇప్పుడు కంప్యూటర్ మిషన్లమీద చెక్కిన కిట్లు ఎంత కచ్చితంగా వస్తున్నాయంటే, వాటిలో గొట్టం పెడితే చప్పుడు కాకుండా కూచుంటుంది. మనవాడు అది మగతనం కాదని, దానికన్నా ఒక మెట్టు కిందది కొంటాడు. దానిమీద "ముప్పాతిక మువ్వీసం పని అయిపోయింది" అన్న అర్థం వచ్చే మాట రాసి ఉంటుంది. మిగిలిన ఆ వీసం దగ్గరే కాలం ఆగిపోతుంది.

ఆ వీసంలో ఏముందో దగ్గరగా చూడాలి. లాకు తలుపు బిళ్ళంత ఇనప పలక. దాన్ని కొయ్య పక్కన పొదగాలి, చుట్టూ గీతంత సందు కూడా కనబడకూడదు. దానికి పద్ధతి ఇది. కొవ్వొత్తి వెలిగించి, పలకని దాని మంటమీద పట్టి, అడుగంతా మసి పట్టిస్తారు. దాన్ని కొయ్యలో తవ్విన గుంటలో పెట్టి, చెక్క సుత్తితో మెత్తగా ఒక్క దెబ్బ వేసి, నిలువునా పైకి తీస్తారు. కొయ్య ఎక్కడ అడ్డు పడుతోందో అక్కడ నల్లచుక్క పడి ఉంటుంది. ఉలితో ఆ చుక్కని, ఆ చుక్కని మాత్రమే, గీకుతారు. మళ్ళీ మసి, మళ్ళీ దెబ్బ, మళ్ళీ చుక్కలు. మొదట్లో చుక్కలు రెండో మూడో ఉంటాయి. పని బాగా సాగుతుంటే చుక్కలు పెరుగుతాయి, ఎందుకంటే పలక ఎక్కువచోట్ల ఆనుతోందన్నమాట. కొత్తవాడికి ఇది అర్థం కాదు. మచ్చలు పెరిగేకొద్దీ పని చెడుతోందని బెంగపడి నాలుగు ఎక్కువ గీకుతాడు. అంతే, సందు. మేపుల్ చెట్టు ఎదగడానికి ఎన్నాళ్ళు పట్టిందో గానీ, గీకిన ముక్క మాత్రం తిరిగి అంటుకోదు.

అనుభవజ్ఞులు దీనికి ఒక కిటుకు చెబుతారు. గీకిన చెక్కపొడి పారేయకు, జిగురులో కలిపి దాచుకో. మర్యాదస్తుల మధ్య దీని ప్రస్తావన రాదు. పాత రైఫిళ్ళు సేకరించేవాళ్ళు భూతద్దం పెట్టి చూస్తే, పూర్వీకులు కూడా అక్కడక్కడ సన్న పేడు అతికించి సర్దుకున్న జాగాలు కనబడతాయి. ఆ సంగతి తెలిసిన రోజు మనవాడికి చరిత్రమీద గౌరవం రెట్టింపవుతుంది.

మసి మాత్రం లాకు దగ్గర ఆగదు. చేతికి అంటి, చేతినుంచి కొయ్యకి, కొయ్యనుంచి చొక్కాకి, చొక్కానుంచి సోఫాకి పాకుతుంది. ఫ్రిజ్ తలుపుమీద వేలిముద్రలు పోలీసులు తీసినంత స్పష్టంగా ఉంటాయి.

"ఈ తెల్ల టవల్‌మీద ఈ నల్లటిదేంటి?"

"అది... సరిగ్గా ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది."

"నాకూ తెలుస్తోంది."

ఆ సాయంత్రం నుంచీ గరాజుకి వేరే టవళ్ళు.

ఇంతకన్నా పెద్ద గండం భుజానికి ఆనించే చివర ఉంటుంది. అక్కడ అర్ధచంద్రంలా వంగిన ఇత్తడి బిళ్ళ బిగించాలి. బిళ్ళ వంపుకి సరిగ్గా కొయ్య వంపు రావాలి. మసి పూసి, ఆనించి, చుక్కలు గీకితే కొయ్య ఆ మేరకి కురచవుతుంది. మరోచోట సందు కనబడుతుంది. అక్కడ గీకితే మొదటిచోట సందు. పనిలో మునిగినవాడికి తెలియదు గానీ, ప్రతి ప్రయత్నానికీ తుపాకి చిన్నదవుతూ ఉంటుంది. ట్రిగ్గరు నుంచి చివరిదాకా పదమూడున్నర అంగుళాలుండాల్సిన దూరం కరుగుతూ, కరుగుతూ, కొడుకు కొలతకి వస్తుంది. కొడుకు సంతోషిస్తాడు.

అయితే ఇక్కడ చరిత్ర మళ్ళీ ఆదుకుంటుంది. దక్షిణపు కొండల్లో బీదవాళ్ళు వాడిన రైఫిళ్ళకి చాలావాటికి ఈ బిళ్ళే ఉండేది కాదు. పెన్సిల్వేనియా రైతులు పశువుల కొట్టంలో పెట్టుకున్న మోటు తుపాకులకీ అంతే. ఉట్టి కొయ్య. ఇత్తడికి డబ్బు లేక అలా చేశారు. ఇప్పుడు ఓపిక లేనివాడు అదే చేసి, "ఇది దక్షిణాది పద్ధతి" అంటాడు. అది నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు.

గజం దూర్చే బెజ్జం గురించి ఎక్కువ చెప్పడం మనసొప్పదు. గొట్టం కింద, కొయ్య లోపల, పొడుగాటి ఉక్కు కడ్డీ బరమాతో గుడ్డిగా తొలుచుకుంటూ పోవాలి. పైన గొట్టం కాలువకీ ఈ బెజ్జానికీ మధ్య ఉండే చెక్క అంగుళంలో ఎనిమిదో వంతు. బరమా మొన చెక్క పోగుల మాట వింటుంది గానీ మనిషి మాట వినదు. పైకి తేలితే కాలువలో కనబడుతుంది, పక్కకి పోతే కొయ్య బయట కనబడుతుంది, ఎక్కడా కనబడకపోతే ఆ రోజు ఇంట్లో పండగ. బెజ్జం ముందే తొలిచిన కొయ్య దొరుకుతుంటే తొలవనిది కొనేవాడికి ఎవరూ సాయం చేయలేరు.

లాకు బిగించాక, మొదటిసారి రవ్వ రాలడం చూసినప్పుడు మాత్రం ఎంతటివాడికైనా ఒళ్ళు పులకరిస్తుంది. లాకులో గుర్రం అనే భాగం దవడల్లో తోలుముక్కతో బిగించిన చెకుముకి రాయి, ఎదుటి ఉక్కు పలకని కొట్టి గీరుకుంటూ దిగుతుంది. మండేది రాయి కాదు, రాయి చెక్కిన ఉక్కు నలుసులు. అవి కింద రంజకం గిన్నెలో పడి గుప్పుమంటాయి, ఆ మంట గొట్టం పక్కనున్న సన్న బెజ్జంలోంచి లోపలి మందుకి అందుతుంది. రాళ్ళు కూడా అన్నీ పనికిరావు. ఇంగ్లండ్‌లో సఫోక్ జిల్లా బ్రాండన్ ఊరి నల్లరాయికి పెద్దపేరు, ఫ్రాన్స్ తేనెరంగు రాయికి కొందరు ఓటేస్తారు. రాయి మంచిదై, పలక గట్టిదై, బెజ్జం గిన్నె అంచుకి సమంగా పడితే రంజకం మంటకీ తుపాకి పేలుడుకీ మధ్య ఎడం తెలియదు. బెజ్జం రవంత కిందికి పడిందా, "టిక్", "బుస్స్", కాస్త ఆగి "ఢాం". ఆ కాస్త ఆగడంలో జింక పక్క జిల్లాకి వెళ్ళిపోతుంది.

ఇక రంగు. ఇది చేతకాక చెడేది కాదు, కాలమంతా దాచిన తప్పులు ఒకేసారి బయటపెట్టేది. నత్రికామ్లంలో ఇనుము కరగబెట్టిన ద్రావకం కొయ్యకి పూస్తే మొదట పాలిపోయిన ఆకుపచ్చ పసుపు రంగు వస్తుంది. మనవాడి గుండె జారుతుంది. వేడిగాలి పట్టించగానే, పట్టించిన మేర, చెక్క ఎర్రటి గోధుమరంగులోకి తిరిగి, పులిచారలు లోపల్నుంచి ఎవరో దీపం పెట్టినట్టు పైకి లేస్తాయి. అంత అందమైన చారల మధ్యనే అడ్డంగా ఆకురాయి గీతలు కూడా లేస్తాయి. తెల్లకొయ్యమీద ఏ కంటికీ కనబడని గీతలవి. గరుకు కాగితంతో మొత్తం గీకి మళ్ళీ మొదలెట్టాలా, లేక పాతకాలపు వాడి వాడకంవల్ల పడ్డ గీతలని చెప్పాలా? కొత్త తుపాకిని పాతదానిలా కనబడేలా చేయడం కూడా ఇందులో ఒక విద్యే. కెంటకీలో వుడ్‌బరీకి చెందిన హెర్షెల్ హౌస్ లాంటి ఉద్దండుల పని చూస్తే వందేళ్ళు వాడిన వస్తువనిపిస్తుంది. వాళ్ళు కావాలని తెప్పించిన పాతదనానికీ, మనవాడికి దానంతటదే వచ్చిన పాతదనానికీ తేడా ఫొటోలో కనబడదు. అందుకే అతను ఫొటోలు పంపుతాడు.

గొట్టానికి రంగు వేయరు, తుప్పు పట్టిస్తారు. నూనె జిడ్డు లేకుండా కడిగి, మందు పూసి, తేమలో ఉంచితే ఎర్రటి తుప్పు పొర వస్తుంది. దాన్ని గరుకు గుడ్డతో రుద్ది, మళ్ళీ మందు, మళ్ళీ తేమ. కొన్ని విడతల తర్వాత ముదురు గోధుమరంగు కుదురుతుంది. తేమ ఎక్కడ? స్నానాలగదిలో. వేడినీళ్ళ షవరు విప్పి తలుపేసి, కర్టెన్ కడ్డీకి గొట్టం వేలాడదీస్తే చక్కగా తుప్పు పడుతుంది. ఇంట్లో వస్తువులకి తుప్పు పట్టిందని మామూలుగా భార్య గొణిగితే భర్త కదలడు. తుప్పు పట్టలేదని భర్తే గొణిగే రోజులివి. చుట్టాలెవరైనా వస్తే, "చేతులు కడుక్కోవడానికి వంటింట్లో సింకు వాడండి, బాత్రూములో తుపాకి ఉంది" అని చెప్పాల్సి వస్తుంది. అదీ అమెరికాలో కాబట్టి సరిపోతుంది.

తయారైన తుపాకిని మొదటిసారి భుజాన పెట్టుకుని పేల్చరు. ఇంత నమ్మకంగా చేసిన వస్తువుమీద ఎంత నమ్మకముందో ఇక్కడ తేలుతుంది. తుపాకిని పాత కారు టైరుకి కట్టి, ట్రిగ్గరుకి పొడుగాటి తాడు కట్టి, దూరంగా చెట్టు చాటున నిలబడి లాగుతారు. టైరు ఎగిరి పడుతుంది, పొగ కమ్ముతుంది. పొగ తేరాక మనవాడు పరుగెత్తి గొట్టం తడుముతాడు, కొయ్య తడుముతాడు, ముఖ్యంగా లాకు చుట్టూ సందు పెరిగిందేమో చూస్తాడు.

తర్వాత గురి. ఈ ఘట్టంలో చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎంతమందో, సలహాలు అన్ని. గుండు చుట్టే గుడ్డకి ఎలుగుబంటి కొవ్వు రాయమని ఒకరు, ఉమ్మి చాలునని ఒకరు. ఉమ్మే చాలన్నాయన పోటీల్లో గెలిచిన మనిషి కాబట్టి అక్కడికి వాదం ఆగిపోతుంది.

ముందు చూపుడు గుర్తుని కావాలనే ఎత్తుగా ఉంచుతారు. అది ఎత్తుగా ఉన్నంతసేపూ గుళ్ళు కిందికి తగులుతాయి. ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తుంటే దెబ్బలు కాగితంమీద మెల్లగా పైకి పాకుతాయి, నడిమి చుక్క దగ్గర ఆపేయాలి. సూత్రం చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఆపడమే రాదు. ఒకసారి చుక్క అంచున తగిలిందా, ఇంకొక్కసారి రాస్తే నడిమధ్యకే వస్తుందని చెయ్యి ఊరుకోదు. రాస్తాడు. గుండు చుక్క దాటి పైకి పోతుంది. గుర్తు పొట్టిదైపోయింది, పొడుగు చేసే మార్గం లేదు, కొత్తది చేసుకోవాలి.

మంచి గుర్తు వెండితో చేస్తారు, మసక వెలుతుర్లో కూడా తెల్లగా తళుక్కుమంటుందని. వెండికి పాత పనివాళ్ళు నాణేలే వాడేవాళ్ళు. అమెరికాలో 1964 దాకా ముద్రించిన పావలా డాలరు నాణేల్లో నూటికి 90 పాళ్ళు వెండి ఉంటుంది, ఆ తర్వాతి వాటిలో ఆ వెండి లేదు. మనవాడు ఇంట్లో చిల్లర డబ్బాలన్నీ బోర్లించి, అత్తగారి చిల్లర సంచీ కూడా బోర్లించి, చివరికి ఒకటి పట్టాడు. పట్టుడు బల్లలో బిగించాడు. నాణెంమీద వాషింగ్టన్ బొమ్మ. 1775లో బోస్టన్ ముట్టడికి వచ్చిన రైఫిల్ దళాల క్రమశిక్షణ లేనితనంతో ఆ దొర నానా తలనొప్పులూ పడ్డాడు. మనవాడు రంపం ఎక్కడ పెట్టాలో చూసుకుని, గడ్డం కిందనుంచి మొదలుపెట్టాడు.